హౌస్ ట్రాక్‌లో పచ్చిదనం గురించి అడిగావు కదా

చిన్నా,

నువ్వు పంపిన ట్రాక్ విన్నాను. మిక్స్ శుభ్రంగా ఉంది, కిక్ డ్రమ్ గట్టిగా తగులుతోంది, వంక పెట్టడానికి ఏమీ లేదు, నాకు నచ్చనిది కూడా అదే. హౌస్ అనే డాన్స్ సంగీతం పుట్టిన షికాగో తొలినాళ్ళ పచ్చిదనం కోసం టేప్ హిస్ (పాత టేపుల్లో వినిపించే బుస) ప్లగిన్లు, పాత రికార్డు చిటపటల ప్యాకులు కొన్నానన్నావు. ఇంక కొనకు. అక్కడ హౌస్ పాటలు అచ్చేసిన ట్రాక్స్ రికార్డ్స్ కంపెనీ వాళ్ళు ఖర్చు తగ్గించుకోవడానికి పాత రికార్డులు కరిగించి వాటి మీదే కొత్త పాటలు అచ్చేసేవాళ్ళు, ఆ చిటపట అలా వచ్చింది. దాన్ని ఎవరూ ముచ్చటపడి పెట్టుకోలేదు.

303 అనే బేస్ మెషిన్ కథ కూడా అంతే. పక్కన బేస్ వాయించేవాడు లేని గిటారిస్టుల కోసం రోలాండ్ వాళ్ళు తెచ్చిన పెట్టె అది. అమ్ముడుపోక 1984లో ఆపేశారు, సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికింది. షికాగో కుర్రాళ్ళు డీజే పియర్, స్పాంకీ, హెర్బ్ జే కలిసి దాని నాబ్‌లు ఇష్టమొచ్చినట్టు తిప్పుతుంటే పుట్టిందే 'యాసిడ్ ట్రాక్స్'. క్యాసెట్ తీసుకెళ్ళి మ్యూజిక్ బాక్స్ క్లబ్బులో డీజే రాన్ హార్డీకి ఇచ్చారు. మొదటిసారి వేస్తే ఫ్లోర్ ఖాళీ అయిపోయిందట, హార్డీ మాత్రం వదల్లేదు, అదే రాత్రి మళ్ళీ మళ్ళీ వేశాడు, నాలుగోసారికి జనం ఊగిపోయారని పియర్ చాలాసార్లు చెప్పాడు. ఆ రికార్డు బయటికొచ్చింది 1987లో, అంటే ముందు జనం ఆడే గది విన్నది, తర్వాతే కంపెనీ విన్నది.

నువ్వు వెతుకుతున్న పచ్చిదనం ఆ గదిలోంచి వచ్చిందని నా లెక్క. కావాలంటే ఇంకోటి చూడు, 1982లో బొంబాయిలో సినిమా పాటలకు వాయించే చరణ్‌జిత్ సింగ్ ఇదే 303, 808 అనే డ్రమ్ మెషిన్ పెట్టుకుని రాగాలు వాయించి రికార్డు చేశాడు, ఇప్పుడు వింటే అచ్చం 'యాసిడ్ ట్రాక్స్' లాగే ఉంటుంది. అద్భుతమైన పని, కానీ ఎదురుగా తెల్లారేదాకా ఆడే జనం లేరు, అందుకే అది అక్కడే ఆగిపోయింది.

కాబట్టి ఇలా చెయ్. కొన్నాళ్ళు ఒక డ్రమ్ మెషిన్, ఒక బేస్, ఒక కీబోర్డు, అంతే. పది నిమిషాలు ఆపకుండా చేత్తో నాబ్‌లు తిప్పుతూ ఒకే టేక్‌లో రికార్డు చెయ్, తర్వాత మౌస్ పట్టుకుని ప్రతి హై-హ్యాట్ తాళం దెబ్బనీ స్క్రీన్‌లో టైమింగ్ గీత మీద కూర్చోబెట్టకు. షికాగోలో హౌస్ ట్రాకులు చేసిన లారీ హర్డ్ మెషిన్ల దగ్గరికి రాకముందు బ్యాండుల్లో డ్రమ్స్ వాయించాడు, ఆయన ట్రాకుల్లో ఆ ఊపిరి ఇప్పటికీ వినిపిస్తుంది. మాస్టరింగ్ (చివరి మెరుగు) చేయించకుండానే పదిమంది ఆడే చోట వెయ్. జనం పక్కకెళ్ళి నిలబడితే టెన్షన్ పడకు, వాళ్ళు ఎక్కడ ఆగిపోయారో గుర్తుపెట్టుకుని మార్చి మళ్ళీ వెయ్.

డాన్స్ నైట్ నువ్వే పెడితే ఇంకో మాట. షికాగోలో వేర్‌హౌస్ అనే క్లబ్బులో డీజే ఫ్రాంకీ నకుల్స్ 1977 నుంచి వాయించింది ఎక్కువగా నల్లజాతి, లాటినో గే కుర్రాళ్ళకి, మిగతా చోట్ల రానివ్వనివాళ్ళకి. 1979 జూలైలో అదే ఊళ్ళో బేస్‌బాల్ మైదానంలో డిస్కో రికార్డులు కుప్పపోసి పేల్చేశారు, ఆ కోపం ఈ కుర్రాళ్ళలాంటి వాళ్ళ మీదేనని చాలామంది అంటారు. అయినా వీళ్ళు ఆడటం మానలేదు. ఇదంతా పక్కనబెట్టి, బాటిల్ కొన్నవాడికి టేబుల్ ఇచ్చి, ఆడేవాడిని మూలకి నెట్టి, పోస్టర్ మీద 'ఓల్డ్ స్కూల్' అని రాస్తే నాకు ఒళ్ళు మండుతుంది. టికెట్ తక్కువ పెట్టు, లైట్లు తగ్గించు, ఫోన్లు జేబుల్లో పెట్టించు, ఒంటరిగా వచ్చిన ఆడపిల్ల కూడా భయం లేకుండా ఆడగలుగుతోందా అని నువ్వే తిరిగి చూడు. గంటకో డీజేని మార్చకు, ఒక్కరికే రాత్రంతా ఇవ్వు.

ఆ ఒకే టేక్ రికార్డింగ్ అయ్యాక తప్పులతో సహా అలాగే పంపు.

బాబాయ్