ముందు కట్ట మీద మనుషులు, ఆ తర్వాతే పడవలు

తిరుపతి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

సూళ్లూరుపేట దగ్గర మీ ఉన్నత పాఠశాల పిల్లలకు తెరచాప పడవ నేర్పించాలనుకుంటున్నావనీ, దాతల చేత రెండు పడవలు కొనిపించే ప్రయత్నంలో ఉన్నావనీ నీ ఉత్తరంలో చదివి ఎంతో సంతోషించాను. ఎన్‌సీసీ నౌకా విభాగం విద్యార్థులతో చాలా ఏళ్లు పడవలు నడిపించినవాణ్ని కనుక ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. పడవలు చివర కొను. దాతలు ఇచ్చిన మంచి పడవలు తాళం వేసిన గదుల్లో దుమ్ము పట్టి ఉండిపోవడం నేను చూశాను. వాటిని నీళ్లలోకి దింపే రోజున తోడు రావడానికి ఊళ్లో ఎవరూ లేకపోవడమే అందుకు కారణం.

పులికాట్ పక్కనే ఉంది కదా అని అక్కడ మొదలుపెట్టవద్దు. అది పక్షుల అభయారణ్యం. శీతకాలంలో ఫ్లెమింగోలు మేసే ఆ నీళ్లలో అటవీశాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టరాదు. ఊరి చెరువు చాలు. ఈశాన్య ఋతుపవనాల వానలకు చెరువు నిండి, తుఫానుల కాలం దాటిన తర్వాత, సంక్రాంతి నుండి నీరు తగ్గేవరకు నీకు మంచి సమయం దొరుకుతుంది. అయితే ఆ నీటి మీద ఆయకట్టు రైతులకు హక్కుంది, చేపల మీద మత్స్యకార సహకార సంఘానికి హక్కుంది. పంచాయతీ, జలవనరుల శాఖల అనుమతి కాగితం మీద తీసుకోవడం ఎంత అవసరమో, వలలు ఎక్కడ వేస్తారో, ఏ వేళల్లో తీస్తారో సంఘం పెద్దలతో కూర్చుని మాట్లాడుకోవడం అంతకంటె అవసరం. తాగునీటి చెరువైతే ఆ ఆలోచనే మానుకో.

మన చెరువుల్లో పిల్లల ప్రాణాలు తీసేవి ఎక్కువగా మట్టి కోసం తవ్వి వదిలేసిన గుంతలు. మోకాలి లోతు నీళ్లలో నడుస్తున్న పిల్లవాడు మరుక్షణం నిలువు లోతులో పడతాడు. నీళ్లలో మునిగిన తుమ్మకంపలు, తూము దగ్గరి లాగుడు, మరవ (అలుగు) పారే చోటు కూడా అంతే ప్రమాదం. ఇవన్నీ తెలిసినవారు జాలర్లే. తెరచాప మీద పులికాట్‌లో వేటకు వెళ్లిన పెద్దవాళ్లు మీ పల్లెల్లో ఇంకా ఉన్నారు. అటువంటి ఒకరిని సగౌరవంగా పిలిచి, తగిన భత్యం ఇచ్చి, గాలిని గుర్తుపట్టడం పిల్లలకు ఆయన చేత చెప్పించు. శిక్షకుడు పోటీ నిబంధనలు నేర్పగలడు కానీ, ఆ చెరువు మీద మధ్యాహ్నం గాలి ఏ మూల నుండి తిరుగుతుందో ఆ జాలరి పెద్దాయనే చెప్పగలడు. పిల్లలు నీటిపై ఉన్నంతసేపూ తెడ్డు పడవలో ఈత వచ్చిన ఇద్దరు పెద్దవాళ్లు వారి వెంట ఉండి తీరాలి.

తల్లుల భయాన్ని మాటలతో పోగొట్టలేవు, కళ్లకు చూపించాలి. మొదటి రోజు వాళ్లను కట్ట మీదకు పిలిచి, లైఫ్ జాకెట్ బెల్టులన్నీ బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడమని వాళ్లకే చెప్పు. అది చెవుల దాకా లేచిందంటే ఆ పిల్లకు ఆ కొలత పనికిరాదు. తర్వాత లోతు తక్కువ చోట పడవను కావాలనే బోర్లించి చూపించు. పిల్ల ఈదుతూ పడవ వెనక భాగాన్ని చుట్టి వచ్చి, అడుగున పొడుచుకు వచ్చిన పలక మీద బరువంతా వేసి నిలబడగానే పడవ నెమ్మదిగా లేచి నిలుచుంటుంది. ఆ పని తమ కూతురు చేయడం చూసిన తల్లే మరుసటి వారం పక్కింటి పిల్లను వెంటబెట్టుకు వస్తుంది. ఆడపిల్లలు బట్టలు మార్చుకునే గది మాత్రం ముందే సిద్ధం చేయి. అది లేక ఎందరో మధ్యలోనే మానేస్తారు.

పిల్లలు నేర్చుకునే ఆప్టిమిస్ట్ పడవను 1947లో అమెరికాలోని క్లియర్‌వాటర్‌లో క్లార్క్ మిల్స్ రూపొందించింది ఊరివాళ్లు చవకగా చేసుకోవడానికే. రెండు ప్లైవుడ్ పలకలతో తయారయ్యే ఆ పడవల ఖర్చును అక్కడి వ్యాపారులు పంచుకున్నారు. దాదాపు 2.3 మీటర్ల పొడవు, 35 కిలోల బరువు ఉండే దీన్ని పిల్లలు పదిహేనేళ్ల వయసు వరకు నడపవచ్చు. అందువల్ల ఒక్క పెద్ద దాత కోసం ఎదురుచూడకు. దుకాణదారులు తాడు ఇవ్వనీ, దర్జీ తెరచాప చిరుగులు కుట్టనీ, వడ్రంగి చుక్కాని బాగుచేయనీ. చేయి వేసినవారే రేపు పడవను కాపాడతారు. తీరం లేని ఊరి పిల్లలకు ఇది సాధ్యమా అని అడిగేవారికి నేహా ఠాకూర్ పేరు చెప్పు. మధ్యప్రదేశ్‌లోని రైతు కుటుంబానికి చెందిన ఆ అమ్మాయి భోపాల్ చెరువు మీద నేర్చుకుని, 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో రజత పతకం గెలిచింది.

ఈ వేసవిలో నీరు ఇంకిన రోజుల్లోనే ఆ జాలరి పెద్దాయనతో చెరువు అడుగంతా నడిచి, గుంతలూ కంపలూ గుర్తులు పెట్టిన పటం ఒకటి గీసి నాకు పంపు. చెన్నై నుండి శిక్షకుణ్ని పిలిపించే విషయం అది చూశాక మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
మామయ్య