లాన్ కింద నేల బిగిసిపోతే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా ఇంటి ముందు 400 చదరపు అడుగుల లాన్ ఉంది. బెర్ముడా గడ్డి పరిచి మూడేళ్ళయింది. గేటు నుంచి మెట్ల దాకా గడ్డి పలచబడిపోతోంది. నీళ్ళు ఇంకకుండా పక్కకు జారిపోతున్నాయి. ఎరువు వేసినా మార్పు లేదు. (కొంపల్లి, హైదరాబాద్)

జవాబు: మీ గడ్డికి కరువైంది ఎరువు కాదు, గాలి. నడవగా నడవగా మట్టి రేణువుల మధ్య ఖాళీలు మూసుకుపోతే వేళ్ళు పైపొరలోనే ఉండిపోతాయి. నేలకు రంధ్రాలు వేస్తే గాలి ఆడుతుంది. అయితే ముందు నేలను పరీక్షించండి. నీళ్ళు పెట్టిన మర్నాడు పొడుగాటి స్క్రూడ్రైవర్‌ను చేత్తో గుచ్చండి. నాలుగంగుళాలు సులువుగా దిగితే రంధ్రాలు అక్కర్లేదు. రెండంగుళాల దగ్గర ఆగిపోతే నేల బిగిసినట్టే. ఖంగుమని తగిలితే మాత్రం అది ఇల్లు కట్టినప్పుడు మిగిలిన ఇటుక ముక్కో, కాంక్రీటు పెళ్ళో. అక్కడ తవ్వి తీసి, కొత్త మట్టి పోసి, మళ్ళీ గడ్డి పరచడం తప్ప మార్గం లేదు.

బెర్ముడా మన గరిక జాతే. ఎండాకాలం, వానాకాలాల్లో పెరుగుతుంది, చలికి మందగిస్తుంది. కాబట్టి తొలి వానలకు గడ్డి ఊపందుకున్నాక, జూన్ చివరి నుంచి జులై మధ్యలో రంధ్రాలు వేసే పని పెట్టుకోండి. నీటి వసతి బాగా ఉంటే మార్చిలోనూ చేయవచ్చు. డిసెంబరు, జనవరిలో చేస్తే గాయం పూడదు. మే ఎండల్లో చేస్తే రంధ్రాల్లోంచి తేమ ఆవిరై వేళ్ళు మాడతాయి.

ముందురోజు బాగా తడపండి, వాన పడి ఉంటే అదే చాలు. గడ్డిని ఒకటిన్నర అంగుళానికి కత్తిరించండి. కాలితో తొక్కే, బోలు గొట్టాల ఏరేటర్ వాడండి. అది అర అంగుళం మందం మట్టి కడ్డీలను బయటికి లాగుతుంది. లోతు మూడంగుళాలు ఉండాలి. మూడంగుళాలకొకటి చొప్పున వేస్తే చదరపు అడుగుకు 16 రంధ్రాలు, మొత్తం లాన్‌కు 6,400. కాలితో తొక్కి అన్ని వేయడం అనవసరం. నడిచే దారిలో మాత్రం అంత దగ్గరగా వేసి, మిగతా చోట ఆరంగుళాలకొకటి వేయండి. బయటపడ్డ మట్టి కడ్డీలను ఎత్తి పారేయకండి. ఎండాక చీపురుతో నలిపి అక్కడే పరవండి.

తరువాత పావు అంగుళం మందాన, సగం జల్లించిన కంపోస్టు, సగం ఏటి ఇసుక కలిపి చల్లండి. 100 చదరపు అడుగులకు 2 ఘనపుటడుగులు, మీ లాన్‌కు 8 పడతాయి. గడ్డి కొసలు పైకి కనిపిస్తూ ఉండాలి. మిశ్రమాన్ని రంధ్రాల్లోకి ఊడ్చి, నీళ్ళు పెట్టండి. రోబో శాండ్‌లోని (రాళ్ళను పిండి చేసిన ఇసుక) సన్నటి దుమ్ము తడికి గడ్డకట్టి రంధ్రాలనే మూసేస్తుంది, వద్దు. పది రోజులకు 100 చదరపు అడుగులకు 100 గ్రాముల యూరియా, ఆకులు తడి లేకుండా ఉన్నప్పుడు చల్లి, వెంటనే తడపండి. ఆలస్యమైతే ఆకులు మాడతాయి.

గేటు దగ్గర నడక ఆగకపోతే నేల మళ్ళీ బిగుస్తుంది. అక్కడ నాపరాళ్ళు పరవడమే మేలు.

ప్రశ్న: మాది నల్లరేగడి. ఆన్‌లైన్‌లో ముళ్ళ చెప్పులు అమ్ముతున్నారు. వాటితో నడిస్తే సరిపోతుందా? (గుంటూరు)

జవాబు: కొనకండి. మేకు మట్టిని తీయదు, పక్కకు నొక్కుతుంది. బంకమట్టిలో ఆ రంధ్రం గోడలు నున్నగా గట్టిపడి నీళ్ళు లోపలే నిలుస్తాయి. రేగడికీ బోలు గొట్టమే కావాలి, అదీ నేల పదునులో ఉన్నప్పుడే. పిడికెడు మట్టి పిసికి ముద్ద చేసి బొటనవేలితో నొక్కండి. పొడిగా విడిపోతే పదును కుదిరింది. వేలు జారి మట్టి నిగనిగలాడితే రెండు రోజులు ఆగండి, లేకపోతే గొట్టాలు పూడుకుపోవడమే కాక మీ అడుగుల బరువుకే నేల ఇంకా అణిగిపోతుంది. రేగడి మీద ఉత్త ఇసుక పొరగా పోయకండి. బాగా మాగిన కంపోస్టే పావు అంగుళం చల్లండి. పచ్చి పేడ వేస్తే కలుపు గింజలు, వేరు పురుగు వెంట వస్తాయి.

ప్రశ్న: లాన్‌లో తుంగ ఎక్కువగా ఉంది. రంధ్రాలు వేస్తే తగ్గుతుందా? (రాజమహేంద్రవరం)

జవాబు: తగ్గదు. పైగా గొట్టాలు తుంగ గడ్డలను లాగి కొత్త చోట్ల పడేస్తాయి. ముందు గడ్డలతో సహా తవ్వి తీయండి. తుంగ ఉన్న చోటి మట్టి కడ్డీలను మాత్రం లాన్‌లో నలపకుండా ఏరి పారేయండి.

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటున్నాం. మా వీధిలో కొందరు లాన్‌కు రంధ్రాలు ఏప్రిల్‌లో, కొందరు సెప్టెంబరులో వేయిస్తున్నారు. ఏది సరి?

జవాబు: మీ దగ్గర ఎక్కువగా ఉండేవి టాల్ ఫెస్క్యూ, కెంటకీ బ్లూగ్రాస్ వంటి చలి గడ్డి జాతులు. వాటికి ఆగస్టు చివరి నుంచి అక్టోబరు మొదటి వారం వరకు సరైన కాలం. అప్పుడు నేల ఇంకా వెచ్చగా ఉంటుంది, ఎండ తగ్గుతుంది. రంధ్రాలు వేసిన రోజే పలచబడిన చోట్ల విత్తనం చల్లండి. వసంతంలో తెరిచిన నేలలో క్రాబ్‌గ్రాస్ కలుపు దూరుతుంది. యంత్రం అద్దెకు తెస్తే, తోలే ముందు స్ప్రింక్లర్ తలల దగ్గర చిన్న జెండాలు గుచ్చండి.