నిమ్మకు జింకు లోపం కాదు, కుండీలో నీళ్లు దిగట్లేదు

ప్రశ్న: మేడ మీద 18 అంగుళాల ప్లాస్టిక్ కుండీలో అంటు నిమ్మ ఉంది. జూన్‌లో కుండీ మార్చాను. మట్టి కొట్టుకుపోకుండా రంధ్రాలపై పెంకు ముక్కలు పేర్చి, పైన 3 అంగుళాల కంకర పోశాను. ఇప్పుడు ఆకులు పసుపుపచ్చగా మారి రాలుతున్నాయి. జింకు లోపమని దుకాణంలో చెబితే రెండుసార్లు పిచికారీ చేశాను. వేర్లకు గుళికల మందు కూడా వేయమంటున్నారు. ఏం చేయాలి? – ఓ రైతు, ఉప్పల్, హైదరాబాద్

జవాబు: గుళికలు వేయకండి. అది ఇంట్లో తినే కాయ. పైగా మీ మొక్కకు పురుగు లేదు, జింకు లోపమూ లేదు. జింకు తగ్గితే లేత ఆకులు చిన్నవై, ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపవుతుంది. మీరు పంపిన ఫొటోలో ముదురు ఆకులు ఈనెలతో సహా పసుపెక్కాయి. ఇది వేరుకుళ్లు. ఆకు కూడా చూడకుండా మందు డబ్బా చేతిలో పెట్టే దుకాణదారు మాట విని పంట పోగొట్టుకున్నవాళ్లు పొలాల్లోనూ ఉన్నారు, మేడల మీదా ఉన్నారు.

కంకర పోస్తే నీళ్లు తేలిగ్గా దిగుతాయన్నది అపోహ. సన్నటి మట్టిలోని నీరు, ఆ మట్టి పూర్తిగా నానేదాకా కింది కంకరలోకి దిగదు. అడుగున ఉండాల్సిన తడి మూడంగుళాలు పైకి, సరిగ్గా వేర్ల దగ్గరికి వచ్చింది. 18 అంగుళాల కుండీ 15 అయింది. దానికి తోడు వానలు.

రెండు రోజులు నీళ్లు ఆపి, కుండీ వంచి మొక్కను తీయండి. కంకర, పెంకులు పారేయండి. గోధుమ, నలుపు రంగుకు తిరిగి, లాగితే పైతొక్క ఊడొచ్చే వేర్లను శుభ్రమైన కత్తెరతో తీసేయండి. కొమ్మలను మూడో వంతు కత్తిరించండి. కుండీ అడుగున వేలు పట్టేంత రంధ్రాలు ఐదారు ఉండాలి. వాటిపై షేడ్‌నెట్ ముక్క ఒక్క పొర పరిస్తే చాలు. కిటికీకి వాడే దోమల జాలీ మరీ సన్నం, బురదతో పూడుకుపోతుంది. మొదటి రెండు మూడు తడుల్లో కాస్త ఎర్రనీళ్లు కారతాయి, దానికి టెన్షన్ పడొద్దు.

ఎర్రమట్టి 2 పాళ్లు, వర్మీకంపోస్ట్ 1, ముతక ఇసుక 1 కలపండి. వానాకాలం కొబ్బరి పొట్టు వద్దు, తడి పట్టి ఉంచుతుంది. అంటు కట్టిన చోటు మట్టికి కనీసం 2 అంగుళాలు పైన ఉండాలి.

నాటాక లీటరు నీటికి 3 గ్రా. కాపర్ ఆక్సీక్లోరైడ్ (శిలీంధ్రాలను చంపే రాగి మందు) కలిపి మొదలు చుట్టూ 2 లీటర్లు పోయండి. 15 రోజులకు మరోసారి. రెండో విడత అయిన 3 వారాలకు, కిలో చివికిన పశువుల ఎరువులో 20 గ్రా. ట్రైకోడెర్మా విరిడి కలిపి వేయండి. రెండూ ఒకేసారి వేస్తే రాగి మందు ఆ మేలు చేసే శిలీంధ్రాన్ని చంపేస్తుంది. పది రోజులు నీడలో ఉంచి, కొత్త చిగురు వచ్చేదాకా ఇది తప్ప ఇంకే ఎరువూ, ఏ టానిక్కూ ఇవ్వకండి. కుండీని ఇటుక ముక్కలపై ఎత్తి పెట్టండి, కింద ప్లేటు తీసేయండి. వేలు రెండంగుళాలు దింపితే పొడిగా తగిలినప్పుడే నీళ్లు. రోజూ పొద్దున్నే పైపు పట్టడం మానండి.

నెలన్నరకూ చిగురు రాకపోతే కొమ్మ బెరడు గోకి చూడండి. లోపల పచ్చగా లేకుంటే మొక్కను పీకేయండి. ఆ మట్టిలో మళ్లీ నిమ్మజాతి మొక్కలు నాటొద్దు.