మౌంట్ రోడ్ చిరునామా దొరకడం లేదా? ఇలా వెతకండి

తాతగారి 1958 నాటి ఉత్తరం పట్టుకుని అందులోని చిరునామా వెతుకుతున్నారా? అందులోని 'మౌంట్ రోడ్, మద్రాసు' ఇప్పటి చెన్నైలోని అన్నా సాలై. ఫోనులోని మ్యాపు మిమ్మల్ని మౌంట్-పూనమల్లి రోడ్డుకు తీసుకెళ్లి ఉంటుంది. అది వేరే దారి.

1. 'అన్నా సాలై' అని వెతకండి. 1969లో మరణించిన తమిళనాడు ముఖ్యమంత్రి అన్నాదురై పేరు అది. కూవం నది దగ్గర మొదలై సైదాపేట మీదుగా గిండీలోని కత్తిపారా వరకు వెళ్తుంది. సెయింట్ థామస్ మౌంట్‌కు పోయే దారి కాబట్టి పాత పేరు వచ్చింది.

2. అందరూ మరిచిపోయేది ఇదే: చెన్నైలో ఇంటి నంబర్లు మారాయి. ఉత్తరంలో ఉన్నది పాత నంబరు, ఫోను చూపేది కొత్తది కావచ్చు. బోర్డులపై రెండూ ఉంటే 'పాత' అన్న మాట పక్కనున్న అంకెనే సరిపోల్చండి. ఏది ముందు రాస్తారన్నది ఒక్కో బోర్డుకు ఒక్కోలా ఉంటుంది.

3. ఉత్తరంలో ఏదైనా గుర్తు రాసి ఉంటే అక్కడి నుంచి నడవండి. ఎల్.ఐ.సి. భవనం ఇప్పటికీ ఉంది. రోడ్డు మొదట్లో గుర్రంపై మద్రాసు గవర్నరు థామస్ మన్రో విగ్రహమూ ఉంది (మన పత్తికొండలో 1827లో కన్నుమూసిన ఆ మన్రోనే).