ఈఎఫ్ 48 అంటే గుండె సగం పాడైనట్టా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మకి 56 ఏళ్లు. ఎడమ రొమ్ములో క్యాన్సర్, హర్2 పాజిటివ్ (కణాల మీద హర్2 అనే ప్రొటీన్ ఎక్కువగా ఉండే రకం) అన్నారు. ఆపరేషన్ అయింది, ఎర్ర మందు కీమో కూడా అయింది. ఇప్పుడు మూడు వారాలకోసారి ట్రాస్టుజుమాబ్ అనే హర్2 మందు ఇంజెక్షన్ ఇస్తున్నారు. మొన్న ఎకోలో ఈఎఫ్ 62 నుంచి 48కి పడిపోయిందని ఇంజెక్షన్ ఆపేశారు. గుండె సగం పోయిందేమోనని ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్. రేడియేషన్ కూడా మొదలుపెట్టాలి. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ సగం అన్న మాట మనసులోంచి తీసేయండమ్మా. గుండె ఒకసారి కొట్టుకున్నప్పుడు ఎడమ గదిలో ఉన్న రక్తంలో ఎంత శాతం బయటికి పంపుతుందో ఆ లెక్కే ఈఎఫ్, ఎంత ఆరోగ్యవంతుడికైనా అది నూటికి నూరు ఉండదు, దాదాపు 55 నుంచి 70 మధ్యలో ఉంటుంది. అలాగని 48ని తేలిగ్గా తీసుకోమనడం లేదు. పది పాయింట్లకు మించి తగ్గి 50 దాటి కిందికి వచ్చింది కాబట్టి మీ డాక్టర్ ఇంజెక్షన్ ఆపడం సరైన పనే.

ఇక్కడ రెండు మందుల సంగతి వేరువేరుగా చూడాలి. ఎర్ర మందు, అంటే డాక్సోరుబిసిన్, గుండె కండరంలోని కణాలనే దెబ్బతీయగలదు, ఆ నష్టం కొందరిలో ఏళ్ల తర్వాత బయటపడుతుంది, అందుకే జీవితకాలంలో మొత్తం ఇంత డోసు దాటకూడదని హద్దు పెట్టుకుని ఇస్తారు. ట్రాస్టుజుమాబ్ వల్ల వచ్చే బలహీనత మాత్రం చాలామందిలో మందు ఆపితే కోలుకుంటుంది. సాధారణంగా కొన్ని వారాలు ఆగి మళ్లీ ఎకో తీస్తారు, ఈలోపు ఏసీఈ ఇన్హిబిటర్, బీటా బ్లాకర్ లాంటి గుండె మందులు మొదలుపెడతారు. ఈఎఫ్ పెరిగితే చాలామందికి ఇంజెక్షన్ తిరిగి ఇస్తారు కూడా. ఆ నిర్ణయం క్యాన్సర్ డాక్టరూ గుండె డాక్టరూ కలిసి తీసుకోవాలి, ఇంట్లో భయపడి మనంతట మనం మానేయడం మాత్రం వద్దు, ఎందుకంటే హర్2 క్యాన్సర్ తిరగబెట్టకుండా కాపాడేది ఆ మందే.

నాకు ఎక్కువ దిగులు కలిగించేది ఇంకోటి ఉంది. కీమో అయినవాళ్లు ఆయాసం వస్తే నీరసంలే అని సర్దుకుపోతారు, డాక్టర్‌కి చెప్పరు. అమ్మ నాలుగు మెట్లెక్కి ఆగిపోతోందా, వెల్లకిలా పడుకోలేక రెండో తలగడ అడుగుతోందా, సాయంత్రానికి చీలమండ దగ్గర వేలితో నొక్కితే గుంట పడుతోందా, రెండు మూడు రోజుల్లోనే రెండు కిలోలు పెరిగిందా, ఇవి చూడండి. వీటిలో ఏది కనిపించినా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. రాత్రి ఆయాసంతో ఉలిక్కిపడి లేచి కూర్చుంటే, ఛాతీ నొప్పి వస్తే వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

బీపీ, షుగర్ ఉంటే అదుపులో ఉండి తీరాలి.

రేడియేషన్ ఎడమవైపు కాబట్టి ఒక్క మాట ముందే అడగండి. గట్టిగా ఊపిరి పీల్చి బిగబట్టించి ఇచ్చే పద్ధతి ఉంది, అప్పుడు ఊపిరితిత్తి నిండి గుండె రొమ్ముకి కాస్త దూరం జరుగుతుంది, దానికి తగిలే డోసు తగ్గుతుంది. రేడియేషన్ ఎక్కడ, ఎలా ఇవ్వాలో లెక్కకట్టే ప్లానింగ్ స్కాన్ అయ్యాక అడిగితే మళ్లీ మొదటికొస్తుంది, స్కాన్‌కి ముందే అడగండి, ఈఎఫ్ తగ్గిన రిపోర్టు కూడా రేడియేషన్ డాక్టర్‌కి చూపించండి.