నాలుక క్యాన్సర్‌: ఆపరేషన్‌ చేస్తే మాట పోతుందా?

ప్రశ్న: మా నాన్నగారికి 54 ఏళ్లు. నాలుక ఎడమ అంచున మానని పుండు ఉంటే బయాప్సీ చేసి క్యాన్సర్‌ అన్నారు. రెండు సెంటీమీటర్ల లోపే ఉంది. మెడలో గడ్డలేమీ తగలడం లేదు. అయినా నాలుకతో పాటు మెడకూ ఆపరేషన్‌ చేయాలంటున్నారు. మాట పోతుందని నాన్న భయపడుతున్నారు. రేడియేషన్‌తో నయం కాదా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీ డాక్టరు సూచించిన మార్గం సరైనదే. నాలుక ముందు భాగంలో, అంచుల్లో వచ్చే క్యాన్సర్‌కు మొదటి చికిత్స ఆపరేషనే. నాలుక మొదట్లో, గొంతు దగ్గర వచ్చే వాటికి రేడియేషన్‌ను ప్రధాన చికిత్సగా ఇస్తుంటారు. అలా నయమైన వారిని చూసి చుట్టాలు సలహాలిస్తారు కానీ, ఆ జబ్బు వేరు, ఇది వేరు.

గడ్డే లేనప్పుడు మెడ ఎందుకు కోయాలని దాదాపు ప్రతి కుటుంబమూ అడుగుతుంది. నాలుక క్యాన్సర్‌ మెడలోని లింఫు గ్రంథులకు త్వరగా పాకుతుంది. ఆ తొలి కణాలు చేతికి తగలవు, స్కానింగ్‌లోనూ ఒక్కోసారి దొరకవు. ముంబయి టాటా మెమోరియల్‌ క్యాన్సర్‌ ఆసుపత్రి వైద్యులు 2015లో ప్రచురించిన అధ్యయనంలో, గ్రంథులను ముందే తీసేసిన వారిలో మూడేళ్ల తర్వాత 80 శాతం మంది బతికి ఉన్నారు. గడ్డ కనిపించాక తీద్దామని ఆగిన వారిలో 67.5 శాతమే. పుండు వెడల్పు కన్నా లోతు ముఖ్యం. ఆ లోతు తెలుసుకోవడానికే ఎమ్మారై అవసరం.

ఇక మాట సంగతి. పుండును, చుట్టూ సుమారు సెంటీమీటరు మంచి కండను తీసి కుట్లు వేస్తారు. కొన్ని వారాలు మాట ముద్దగా వస్తుంది. ‘ర’, ‘ల’, ‘ట’ పలకడం కష్టమవుతుంది. స్పీచ్‌ థెరపీతో చాలామంది ఎదుటివారికి అర్థమయ్యేలా మాట్లాడగలుగుతారు. సగం నాలుక తీయాల్సి వస్తే ముంజేతి చర్మంతో సరిచేస్తారు.

తీసిన ముక్క రిపోర్టును బట్టి రేడియేషన్‌ అవసరమా, దానితో పాటు కీమో కూడా ఇవ్వాలా అన్నది తేలుతుంది. రేడియేషన్‌ అవసరమైతే ఆపరేషనైన ఆరు వారాల్లోపు మొదలుపెట్టాలి. పళ్ల చికిత్స రేడియేషన్‌కు ముందే పూర్తి కావాలి కాబట్టి, పుచ్చు పళ్లు ఉంటే ఇప్పుడే దంతవైద్యుడికి చూపించండి. గుట్కా, ఖైనీ, సిగరెట్‌ అలవాటుంటే ఈ రోజే మానిపించండి. నాటు మందులతో నెల గడిపి వచ్చే వారిని చూస్తే నాకు కోపం కన్నా బాధే ఎక్కువ. ఆ నెలలోనే చిన్న ఆపరేషన్‌ కాస్తా పెద్దదవుతుంది.

ఖర్చు సమస్యైతే ఆరోగ్యశ్రీ వర్తిస్తుందేమో ఆసుపత్రిలో అడగండి. హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్‌ ఆసుపత్రి ప్రభుత్వానిదే. మరో వైద్యుడి అభిప్రాయం తీసుకోవడం తప్పేమీ కాదు. వెళ్లేటప్పుడు రిపోర్టుతో పాటు బయాప్సీ స్లైడ్లు, బ్లాకులు (తీసిన ముక్కను మైనంలో భద్రపరిచినవి) కూడా తీసుకెళ్తే మళ్లీ ముక్క తీయాల్సిన పని సాధారణంగా ఉండదు.