ఆయన నా ఆజ్ఞకు లోబడి ఉండాలనుకుంటున్నారు.. ఇది మానసిక జబ్బా?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. నాకు 34, మావారికి 39 ఏళ్లు. ఏకాంతంలో నేను ఆజ్ఞాపించాలని, తాను లోబడి ఉండాలని, అప్పుడప్పుడు చేతులు కట్టేయాలని ఆయన అడుగుతున్నారు. నాకు అయిష్టం లేదు గానీ భయంగా ఉంది. ఆయనకు ఆరేళ్లుగా షుగర్ ఉంది. ఇది జబ్బా? ఎలా మొదలుపెట్టాలి?
- ఓ సోదరి

జవాబు: జబ్బు కాదమ్మా. ఇద్దరు వయోజనులు ఇష్టపడి, ఒకరు ఆధిపత్యాన్ని, మరొకరు విధేయతను స్వీకరించే ఈ తీరును డామినెన్స్-సబ్మిషన్ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలో గతంలో ఉన్న శాడోమాసోకిజం (కట్టివేత, నొప్పి, అవమానాలతో లైంగిక తృప్తి పొందడం) అనే పద్దును, 2022లో అమల్లోకి వచ్చిన ఆ వర్గీకరణ కొత్త కూర్పు ఐసీడీ-11లో తొలగించారు. అంగీకారం లేనివారిని హింసించాలనే నిరంతర వాంఛ మాత్రం ఇప్పటికీ రుగ్మతే.

ఆజ్ఞ మీదైనా, ఎక్కడ ఆపాలన్న నిర్ణయం ఆయనకూ మీకూ సమానంగా ఉండాలి. అందుకే ఏది సమ్మతం, ఏది ససేమిరా కుదరదు అన్నది ముందే, పగటిపూట, తీరిగ్గా కూర్చుని మాట్లాడుకోండి. 'వద్దు' అన్న మాట ఆటలో భాగంగానూ రావచ్చు కాబట్టి, 'పనసకాయ' లాంటి సంబంధం లేని మాటనొకదాన్ని ఆపడానికి గుర్తుగా పెట్టుకుని, అది వినిపించిన క్షణమే, కారణం అడగకుండా ఆపేయాలి.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మీరు చివర్లో రాసిన షుగర్ సంగతి. ఏళ్ల తరబడి మధుమేహం ఉన్నవారిలో నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గవచ్చు. అప్పుడు కట్టు బిగుసుకున్నా, వేడి తగిలినా ఆయనకు తెలియకపోవచ్చు. కాబట్టి ముందుగా ఆయనకు నరాల పరీక్ష చేయించండి. కట్టాలనుకుంటే వెడల్పాటి మెత్తని గుడ్డతో, రెండు వేళ్లు దూరేంత వదులుగా కట్టి, వేళ్ల రంగు, వెచ్చదనం తరచూ చూస్తూ, కత్తెర అందుబాటులో ఉంచుకోండి. మోచేతికి పైభాగాన బిగించవద్దు; అక్కడ ఎముకను ఆనుకుని వెళ్లే నరం నలిగితే మణికట్టు వాలిపోయి, కోలుకోవడానికి వారాలు పట్టవచ్చు. కట్టిన మనిషిని ఒంటరిగా వదిలి పక్కగదికి కూడా వెళ్లకూడదు.

ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడుతుంటే షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది. చెమట, వణుకు, గుండెదడను ఉద్వేగమనుకుని పొరబడే అవకాశం ఉన్నందున గ్లూకోమీటర్, కాస్త పంచదార దగ్గరుంచుకోండి. భోజనం మాన్పించడం, మాత్ర ఆపించడం వంటి ఆజ్ఞలు ఆటకైనా ఇవ్వకండి. మద్యం తాగిన రోజున అసలు వద్దు.

మెడ నొక్కడం మాత్రం ఎంత తెలిసినవారికైనా సురక్షితం కాదు. మెదడుకు వెళ్లే రక్తం ఆగితే కొన్ని సెకన్లలోనే స్పృహ పోవచ్చు, ప్రాణమూ పోవచ్చు.

తర్వాత కాసేపు పక్కన కూర్చుని, నీళ్లిచ్చి, మాట్లాడండి. మరునాడు దిగులు ఆయనకే కాదు, మీకూ రావచ్చు. అది వీడకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి-మానస్‌కు, 14416 నంబరులో ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ఒడియాలో చెప్పుకోలేని మాట అక్కడ తెలుగులో చెప్పుకోవచ్చు. కట్టు విప్పాక తిమ్మిరి గానీ, చేతి బలహీనత గానీ తగ్గకపోతే అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. అది ఎలా వచ్చిందో డాక్టర్ దగ్గర దాచవద్దు.